ఇల్లు ఎక్కడ మొదలవుతుంది?

తెలుగు ఇళ్ళలో నైటీ మీద కప్పుకునే టవల్‌కి నిఘంటువులో ఒక మాట ఉండాల్సింది. అది ఒళ్ళు తుడుచుకోడానికి కాదు, చలికీ కాదు. కాలింగ్ బెల్ మోగగానే తలుపు వెనక మేకు నుంచి భుజాల మీదికి వస్తుంది. కొరియర్ అబ్బాయి వెళ్ళగానే మళ్ళీ మేకుకి చేరుతుంది. కొన్ని ఇళ్ళలో టవల్, కొన్ని ఇళ్ళలో పాత చున్నీ. మే నెలలో, హైదరాబాద్‌లో, 42 డిగ్రీల ఎండలో ఫ్యాన్ కింద కూర్చుని బెండకాయలు తరుగుతున్న మనిషికి కూడా అది చేతికందేంత దూరంలో ఉండాలి. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన అవసరం లేనంతగా అందరికీ తెలుసు: లోపల బ్రా లేదు.

దీని మీద ఒక వ్యాసమా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నా మిత్రుడొకడు కూడా అదే అన్నాడు. "వేసుకోవాలనిపిస్తే వేసుకోండి, లేకపోతే మానేయండి. ఇందులో ఆలోచించడానికేముంది?" మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ మాట అంత తేలిగ్గా అనగలగడమే ఒక సౌకర్యం. లుంగీ మీద బనీను ఉండాలా వద్దా అన్నది అతని ఇంట్లో ఎన్నడూ చర్చకి రాలేదు. ఉక్కపోస్తే తీసేస్తాడు, చలేస్తే వేసుకుంటాడు. అతని ఒంటికీ వాతావరణానికీ మధ్య మూడో మనిషి లేడు. మాకు ఆ మూడో మనిషి ఉన్నాడు. నా ఆలోచనంతా ఆ మూడో మనిషి గురించే.

ముందు ఒంటి సంగతి చూద్దాం. మా అమ్మ తరం వాళ్ళు బ్రాని 'బాడీ' అంటారు. కోఠి సుల్తాన్ బజార్‌లోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లోనో గొంతు తగ్గించి "బాడీలు చూపించండి" అని అడుగుతారు. చిన్న షాపుల్లో అవతల నిలబడి అమ్మేది ఎక్కువగా మగవాడే. గబగబా రెండు సైజులు తీసి చూపిస్తాడు, కాగితంలో చుట్టి నల్ల కవర్లో పెట్టేస్తాడు. తొడుక్కుని చూసుకునే వీలుండదు. అందుకే మనలో చాలామందికి మన సైజు తెలియదు. పెళ్ళికి ముందెప్పుడో చెప్పిన నంబరే ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా చెబుతుంటాం. నిజానికి బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది భుజాల పట్టీలు కాదు, ఛాతీ చుట్టూ తిరిగే పట్టీ. అది వదులైతే భారమంతా భుజాలకెక్కి అక్కడ గాడి పడుతుంది. మరీ బిగుతైతే ఊపిరి తీసుకున్నప్పుడల్లా తానున్నానని గుర్తు చేస్తుంటుంది. ఇక ఉతికాక దాన్ని ఎండలో బాహాటంగా ఆరేయకూడదు, ఏ తువ్వాలు కిందో, లంగా కిందో దాచి ఆరేయాలి. సరిగా ఆరని గుడ్డ, చెమట, ఒరిపిడి. వేసవిలో రొమ్ముల కింద చర్మం కంది, మంటపుట్టి, పౌడరు చల్లుకుని ఊరుకున్నవాళ్ళు ఇది చదువుతున్నవాళ్ళలోనే చాలామంది ఉంటారు. పౌడరు చల్లుకున్నామని కూడా ఎవరికీ చెప్పం.

దీనిమీద రెండు రకాల భయాలు ప్రచారంలో ఉన్నాయి. వేసుకోకపోతే రొమ్ములు జారిపోతాయన్నది పాత భయం. జారడానికి వయసు, గర్భాలు, బరువు పెరిగి తగ్గడం, రొమ్ముల పరిమాణం లాంటివి కారణాలు. ఇంట్లో నాలుగు గంటలు బ్రా తీసి కూర్చోవడం వల్ల అలా జరుగుతుందని ఎవరూ రుజువు చేయలేదు. వేసుకుంటే కేన్సర్ వస్తుందన్నది రెండో భయం. 1995లో అమెరికాలో వచ్చిన ఒక పుస్తకం దీన్ని బాగా వ్యాప్తిలోకి తెచ్చింది. 2014లో సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేన్సర్ పరిశోధన కేంద్రం వాళ్ళు, నెలసరి ఆగిపోయిన స్త్రీలని రోజుకెన్ని గంటలు వేసుకునేవారు, ఏ వయసులో మొదలుపెట్టారు, కప్పు సైజెంత అని అడిగి పరిశీలిస్తే, బ్రాకీ రొమ్ము కేన్సర్‌కీ సంబంధం కనబడలేదు. అంటే వేసుకోమని గాని వద్దని గాని వైద్యం మనకి ఆజ్ఞ ఇవ్వడం లేదు. రొమ్ములు బరువుగా ఉన్నవాళ్ళలో కొందరికి ఇంట్లో కూడా బ్రా ఉంటేనే హాయి, లేకపోతే మెడ, వీపు లాగేస్తాయి. పాలిచ్చే తల్లికి ఒకలా ఉంటుంది, పరుగెత్తే అమ్మాయికి ఒకలా ఉంటుంది. ఇప్పుడు మనం స్పోర్ట్స్ బ్రా అంటున్నది 1977లో అమెరికాలో ముగ్గురు స్త్రీలు, మగ ఆటగాళ్ళు లోపల కట్టుకునే రెండు పట్టీలని కలిపి కుట్టడంతో మొదలైంది. పరుగెత్తుతుంటే నొప్పిగా ఉంది, దానికో ఉపాయం కావాలి. వాళ్ళ సమస్య అంతే. మూడో మనిషి లేకపోతే బట్ట గురించి ఇంత సూటిగా ఆలోచించవచ్చు.

ఇవాళ్టి బ్రాకి తొలి రూపాల్లో ఒకటి పుట్టింది కూడా హాయి కోసమే. న్యూయార్క్‌లో మేరీ ఫెల్ప్స్ జేకబ్ అనే అమ్మాయి ఒక పార్టీకి వెళ్ళబోతూ, ఎముకలు గుచ్చిన బిగుతైన కార్సెట్ పల్చటి గౌను కింద ఎబ్బెట్టుగా కనబడుతోందని విసుగు పుట్టి, పనమ్మాయి సాయంతో రెండు చేతిరుమాళ్ళూ రిబ్బనూ కలిపి కుట్టుకుంది. 1914 నవంబరులో దానికి పేటెంట్ వచ్చింది. ఆనాటి ఆడవాళ్ళకి అది ఊపిరి ఆడనిచ్చిన బట్ట. దాదాపు 54 ఏళ్ళ తర్వాత, 1968 సెప్టెంబరులో, అట్లాంటిక్ సిటీలో మిస్ అమెరికా పోటీల బయట నిరసన తెలిపిన స్త్రీలు అదే బట్టని చెత్తడబ్బాలో పడేశారు. తగలబెట్టారన్నది తర్వాత పుట్టిన కథ. ఒక తరానికి విడుదల అయినది ఇంకో తరానికి సంకెల ఎలా అయింది? ఆ 54 ఏళ్ళలో బట్టా మారింది, కానీ సంగతి అది కాదు. 'వేసుకోవచ్చు' అన్నది 'వేసుకోవాలి' అయింది, అసలు మార్పు అది.

దీనికి తిరగేసిన ఉదాహరణలు మన దగ్గరే ఉన్నాయి. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు కొట్లాడారు. కప్పుకుంటే పైకులాల వాళ్ళు లాగేశారు, కొట్టారు, ఇళ్ళు తగలబెట్టారు. 1859లో రాజు ఒక ప్రకటన ఇచ్చి కప్పుకోవచ్చన్నాడు, కానీ పైకులాల స్త్రీల పద్ధతిలో మాత్రం కాదన్నాడు. ఇచ్చేటప్పుడు కూడా హద్దు గీసే ఇచ్చాడు. అంత దూరం ఎందుకు, మన ఊళ్ళలోనే సనాతన బ్రాహ్మణ ఇళ్ళలో భర్త పోయిన స్త్రీకి రవిక తొడుక్కునే హక్కు ఉండేది కాదు. తల గొరిగించి, ఒంటిమీద ఒక్క చీర మిగిల్చేవారు. పదిమందిలో రవిక లేకుండా తిరగడం సిగ్గని ఆమెకి చిన్నప్పటినుంచీ నేర్పిన ఇల్లే, ఒక రోజు పొద్దున్నుంచి రవిక వేసుకోవడం సిగ్గని చెప్పింది. సిగ్గు అనేది ఒంట్లో పుట్టేదే అయితే, మొగుడు పోగానే దిక్కు మార్చుకోదు కదా.

అందుకే నాకు 'కప్పుకోవడం అణచివేత, విప్పడం స్వేచ్ఛ' అనే సూత్రం మీద నమ్మకం లేదు. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' అనే కవిత పేరు చెప్పగానే ఇవాళ్టికీ ముఖం చిట్లించేవాళ్ళున్నారు. ఆ కవితలో కోపం గుడ్డ మీద అనుకుంటే వాళ్ళు దాన్ని చదవలేదని అర్థం. కప్పుకోడానికి పోరాడిన నాడార్ స్త్రీ, తగలెయ్యాలన్న కవయిత్రి అడిగింది ఒకటే: నా ఒంటిమీద ఏముండాలో తేల్చేది ఎవరు?

ఇప్పుడు ఇంటి దగ్గరికి వద్దాం. ఆఫీసు, బస్సు, పెళ్ళి, గుడి... వీటికి వేరే లెక్కలుంటాయి. పదిమందిలోకి వెళ్ళినప్పుడు అందరం, మగవాళ్ళు కూడా, ఎంతో కొంత మన ఒంటిని సర్దుకునే వెళ్తాం. ఇల్లు అలా కాదు అనేది కదా మన నమ్మకం. బయటి చూపు ఆగిపోయే చోటే ఇల్లు. రాజ్యాంగం గురించీ, హక్కుల గురించీ మాట్లాడేవాళ్ళు కూడా గీత అక్కడే గీస్తారు: గడపకి ఇవతల ప్రైవేటు, అవతల పబ్లిక్. కానీ ఒక మామూలు రెండు బెడ్‌రూముల ఫ్లాటులో ఉంటున్న ఆరుగురిని తీసుకోండి. మగవాడు ఆఫీసు నుంచి రాగానే మెయిన్ డోర్ దగ్గరే షర్టు గుండీలు విప్పడం మొదలుపెడతాడు. అతని ప్రైవేటు స్థలం అక్కడ మొదలైంది. అదే ఇంటి కోడలు అదే సమయానికి ఆఫీసు నుంచి వస్తుంది. హాల్లో మామగారు టీవీ చూస్తున్నారు. వంటింట్లో పనుంది. మరిది స్నేహితుడు వచ్చి ఉన్నాడు. వీపు మీది ఆ హుక్కు విప్పేది రాత్రి పదకొండుకి, పడగ్గది తలుపేసుకున్నాక. పడగ్గదిలో అత్తగారు కూడా పడుకుంటే అదీ లేదు. ఆమెకి ఇల్లు బాత్రూం గడియ దగ్గర మొదలవుతుంది, నాలుగడుగులు పోయి గోడ దగ్గర అయిపోతుంది. వర్జీనియా వూల్ఫ్ 1929లో రాయడానికి స్త్రీకి సొంత గది కావాలంది. రాయడం దాకా ఎందుకు, సరిగ్గా ఊపిరి తీసుకోడానికే కావాలి.

ఆ మూడో మనిషి ఎదురుగా ఉండాల్సిన పని కూడా లేదు. స్త్రీ తనని తాను చూసుకునేటప్పుడు కూడా తనని చూస్తున్న మగవాడి కళ్ళతో చూసుకుంటుందని జాన్ బెర్జర్ 1972లో, బొమ్మల గురించి మాట్లాడుతూ, చెప్పాడు. దాన్ని నేను పుస్తకంలో చదివినప్పటికంటే ఆసుపత్రిలో బాగా అర్థం చేసుకున్నాను. రెండేళ్ళ కిందట మా అమ్మకి గాల్‌బ్లాడర్ తీసేశారు. మర్నాడు పొద్దున, పొట్టమీద నాలుగు చోట్ల కుట్లు, చేతికి సెలైన్. నాన్న ఫోన్ పెట్టేసి "అన్నయ్య బయల్దేరాడట" అన్నారు. అమ్మ కళ్ళు తెరిచి నావైపు చూసి, "బావగారు వస్తున్నారట, నా బాడీ ఏదే?" అంది. ఆ గొంతు ఇంకా నా చెవిలో ఉంది. అందులో బతిమాలడం ఉంది. నర్సు వద్దంది. దుప్పటి గొంతుదాకా కప్పాను. పెదనాన్న వచ్చి, పదినిమిషాలు కూర్చుని, ఆపిల్ పళ్ళ సంచీ బల్లమీద పెట్టి వెళ్ళారు. ఆయన అమ్మ ముఖం తప్ప ఏమీ చూడలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఆ పదినిమిషాలూ అమ్మ దుప్పటి అంచు వేళ్ళతో బిగించి పట్టుకునే ఉంది. కుట్ల నొప్పి సంగతి ఆయన వెళ్ళాకే చెప్పింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. బట్ట కట్టుకోవడం మన ఒక్కరి కోసమే కాదు, ఎదుటివాళ్ళ పట్ల మర్యాద కూడా అంటారు. నిజమే. కలిసి బతకడమంటే ఎదుటివాళ్ళ ఇబ్బందిని కాస్త పట్టించుకోవడమే. పెద్దాయన ఇబ్బందిపడతారని తెలిసీ ఆయన ముందు అలాగే తిరగడం వీరత్వమేమీ కాదు. అయితే మర్యాదని గుర్తుపట్టడానికి నా దగ్గర ఒక చిన్న పరీక్ష ఉంది. అది రెండువైపులా ఉందా? పెద్దాయన చొక్కా లేకుండా బాల్కనీలో పేపర్ చదువుకుంటే కోడలికి ఇబ్బందేమో అని ఆ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అనుకున్నారా? అనుకుని ఉంటే అది మర్యాదే, నేను ఒప్పుకుంటాను. ఇబ్బంది ఒకరిది, దాని బరువు మోసేది ఎప్పుడూ ఇంకొకరే అయితే దానికి మర్యాద అన్న పేరు సరిపోదు. మా మామయ్యగారు ఊరి నుంచి వచ్చినప్పుడు నేను పొద్దుటినుంచి రాత్రిదాకా వేసుకునే ఉంటాను. ఆయన మంచివారు, ఆ నాలుగు రోజులు గొడవ నాకు ఇష్టం లేదు. దాన్ని సర్దుబాటు అంటాను. సర్దుబాటుకి ఒక ఖరీదుంటుంది, ఆ ఖరీదు ఎవరు కడుతున్నారో లెక్క తెలిసి ఉండాలి. మర్యాద అని పిలిచిన మరుక్షణం ఆ లెక్క చెరిగిపోతుంది.

ఇదంతా నా ఒక్కదాని సంగతే అయితే ఇంత ఆలోచించేదాన్ని కాదేమో. మా అమ్మాయికి పన్నెండు నిండాయి. ఆపరేషన్ అయ్యాక అమ్మా నాన్నా మూడు నెలలు మా దగ్గరే ఉండటానికి వచ్చారు. వచ్చిన వారానికి అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "పిల్ల ఎదుగుతోంది కదే, ఇంట్లో కూడా లోపల ఏదైనా వేసుకోమని చెప్పు. ఇంట్లో మగవాళ్ళుంటారు" అంది.

ఇంట్లో మగవాళ్ళుంటారు. మీరూ ఈ వాక్యం వినే ఉంటారు. మా ఇంట్లో మగవాళ్ళంటే ఇద్దరు. ఒకరు ఆ పిల్లకి తండ్రి, ఇంకొకరు తాత. పేరు చెప్పకుండా ఆ వాక్యం వాళ్ళిద్దరి మీదా ఒక నేరం మోపుతోంది. మోపిన అమ్మకి ఆ సంగతి తెలియదు, మోపించుకున్న నాన్నకీ తెలియదు. వాళ్ళు నమ్మదగినవాళ్ళయితే పిల్ల జాగ్రత్తపడాల్సిన పనే లేదు. నమ్మదగినవాళ్ళు కాకపోతే ఒక గుడ్డముక్క ఆపగలిగేది ఏమీ లేదు. ఇళ్ళలో పిల్లల మీద చేయి వేసేవాళ్ళు పిల్లలు లోపల ఏం వేసుకున్నారో చూసుకుని వేయరు. ఆ వాక్యం పిల్లని కాపాడదు. ఏదైనా జరిగితే తప్పు ఎవరి మీద వేయాలో ముందే రాసిపెట్టుకుంటుంది, అంతే. పన్నెండేళ్ళ పిల్లకి అది చేరేటప్పటికి ఇంకా చిన్నదైపోతుంది: ఇబ్బంది నీ ఒంట్లో ఉంది. ఆ ఒక్క మాట లోపలికి వెళ్ళిందంటే, యాభై ఏళ్ళ తర్వాత, పొట్టమీద కుట్లతో ఉన్నప్పుడు కూడా బయటికి రాదు. నేను చూశాను కదా.

అలాగని "వేసుకోకు" అని చెప్పడానికీ నాకు నోరు రాలేదు. స్త్రీవాదం చదువుకున్న తల్లి ఇచ్చినా ఆజ్ఞ ఆజ్ఞే. పైగా ఆ వయసులో ఒంటిలో వచ్చే మార్పుకి కొందరు పిల్లలు బిత్తరపోతారు, ఏదైనా పొదివి పట్టుకున్నట్టు ఉంటే ధైర్యంగా ఉంటుంది. స్కూల్లో అందరూ వేసుకుంటున్నారంటే తనూ వేసుకోవాలనుకోవచ్చు. అందులో తప్పేముంది? అందుకే కారణాల గురించి మాత్రమే మాట్లాడాను. "పరిగెత్తేటప్పుడు నొప్పిగా ఉంటే వేసుకో. యూనిఫాం గుచ్చుకుంటుంటే వేసుకో. ఊరికే నీకు బాగుంటుందనిపిస్తే వేసుకో. ఇంట్లో ఉక్కపోస్తే తీసెయ్. ఎవరైనా ఉన్నారని మాత్రం వేసుకోకు. ఎవరి చూపైనా నీకు బాగాలేకపోతే ఆ సంగతి నాకు వచ్చి చెప్పు, అది బట్టతో తేలేది కాదు" అన్నాను.

కాసేపు ఆలోచించి, "మరి తాతయ్య చొక్కా వేసుకోరు కదా, అమ్మమ్మ తాతయ్యకెందుకు చెప్పదు?" అంది. నా పరీక్ష దానికి ఎవరూ నేర్పలేదు. అమ్మ పక్కనే ఉంది. మొదట నవ్వింది, తర్వాత గట్టిగానే "మగాళ్ళకీ మనకీ పోలికేంటే" అంది. ఆ తర్వాత ఎందుకో ఇక మాట్లాడలేదు.

ఇంట్లో మేం చేసుకున్న మార్పు చాలా చిన్నది. బెల్ మోగితే తలుపు తీసేది ఇప్పుడు మా ఆయన, ఆయన లేకపోతే నాన్న. ఎవరి ఒంటికి ఏ సర్దుబాటూ అక్కర్లేదో వాళ్ళే లేచి వెళ్ళడం న్యాయం కదా. దీనికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు, సోఫాలోంచి లేస్తే చాలు. మొదట్లో నాన్న విసుక్కున్నారు, వారం రోజుల్లో అలవాటైంది. మా అమ్మాయి స్కూలుకీ బ్యాడ్మింటన్‌కీ వేసుకుంటుంది, కజిన్స్ వచ్చినప్పుడు వేసుకుంటుంది. మిగతా వేళల్లో వేసుకోదు. కజిన్స్ వచ్చినప్పుడు ఎందుకని నేను అడగలేదు. అడగాలనిపించిన మాట నిజమే, కానీ ప్రతిదానికీ సంజాయిషీ అడిగితే నేనూ ఆ మూడో మనిషినే అవుతాను.

అమ్మ మాత్రం ఇప్పటికీ బాడీతోనే పడుకుంటుంది. విప్పమని నేను అనను. యాభై ఏళ్ళ అలవాటు వదిలెయ్యమని ఆమెకి చెప్పే అధికారం నాకు ఎక్కడినుంచి వచ్చింది? మొన్న తలకి నూనె రాస్తుంటే భుజం మీద పట్టీ చేసిన గాడి కనబడింది, వేలు దూరేంత లోతుగా, నల్లగా. అక్కడ కూడా కాస్త కొబ్బరినూనె రాసి, "చుట్టుపట్టీ సైజు తప్పేమోనమ్మా, ఈసారి టేపుతో కొలిచి తెద్దామా?" అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, గొంతు తగ్గించకుండానే, "ముందు హుక్కులుండేవి దొరుకుతాయా? చేతులు వెనక్కి పోవడం లేదు" అంది.